అరగంటకోసారి హాజరు

క్లాక్స్‌విక్ రేవులో చేపల తూకం షెడ్డు మీద
మా సర్వర్ల గది.
తొమ్మిది యంత్రాలకీ హానుస్ పిట్టల పేర్లు పెట్టాడు:
లుండి, స్కార్వుర్, తెర్నా...
నంబర్లయితే రాత్రి మూడింటికి
తిట్టడానికి వీలుగా ఉండదట.

పూర్వం అతనే ఒక్కో యంత్రం ముందు కూర్చుని
తక్కిన వాటి చిరునామాలు చేత్తో కొట్టేవాడు.
కొత్తదొకటి వస్తే తొమ్మిది చోట్ల దిద్దాలి.
ఎనిమిదో చోట ఫోను మోగేది.
తొమ్మిదోది ఉలిపికట్టె అయిపోయేది,
ఊరంతా ఒక దారి, దానిదొక దారి.

ఇప్పుడలా కాదు.
అరగంటకోసారి దేని సంగతి అదే చెప్పుకుంటుంది:
ఇదీ నా పేరు, ఇక్కడుంటాను,
ఇంత మెమరీ, ఇది నా తాళం ముద్ర,
ఇంత బరువు నా మీద వెయ్యొచ్చు.
మధ్యలో ఒక పద్దు అంతా రాసుకుంటుంది.
తక్కినవి వచ్చి
తమకు కావలసిన పంక్తులు ఎత్తి రాసుకుపోతాయి.
ఎవరూ ఎవరి గడపా తొక్కరు,
అయినా అందరికీ అందరూ తెలుసు.

ఫిబ్రవరి. గాలి తలుపుని లోపలికి తోస్తోంది.
తుపానుకి ముందే మూడు పడవలు ఒక్కసారి చేరాయి.
కింద నుంచి ఎయ్‌వోర్ అరుపు:
ప్రతి నాలుగో పెట్టెకీ తెర బిగుసుకుపోతోంది,
ముప్పై లెక్కపెడితే గానీ కదలదు,
ఐసు కరుగుతోంది, వినబడుతోందా?

లాగులు తిరగేశాను. పూస గుచ్చినట్టు ఒకటే మాట:
తెర్నాని పిలిచాం, పలకలేదు.
తెర్నాని పిలిచాం,
పలకలేదు.

తెర్నా అక్టోబరులోనే పోయింది.
పవర్ సప్లై కాలిన వాసన రెండు రోజులుంది.
నా చేతులతోనే అరలోంచి లాగి మెట్ల కింద పెట్టాను.
ఇప్పుడు దాని మీద ఎవరిదో తడి కోటు.

పద్దులో కొట్టెయ్యడం మరిచాను.
పోయిన యంత్రం, నేను లేనని చెప్పుకోలేదు కదా.
చివరిసారి అది చెప్పిన మాటే
నాలుగు నెలలుగా, అరగంటకోసారి,
ఎనిమిదీ నమ్మకంగా ఎత్తి రాసుకుంటున్నాయి.
రోజూ ఒక పడవ సరుకే గనుక దాని వంతు రాలేదు.
ఈ రాత్రి వచ్చింది.
నిజం పిట్టయితే
చలికాలం ఇక్కడ ఉండేదే కాదు.

ఒక్క ఆదేశం. పంక్తి పోయింది.
అరగంట ఆగకుండా ఒక్కొక్కదాన్నీ లేపి చదివించాను.
లుండి మరిచింది. స్కార్వుర్ మరిచింది.
కింద పెట్టెలు కదిలిన చప్పుడు.

అప్పుడు ఫోను. హానుస్.
"తూకం ఆగిందా?"
నీకెవరు చెప్పారు?
"అలారం వచ్చిందిగా."

అతను రిటైరై ఏడాదిన్నర.
వీడుకోలు కేకు తిన్నాం, తాళాలు వెనక్కి తీసుకున్నాం,
జాబితాలో నంబరు మాత్రం ఎవరం తియ్యలేదు.
ఎవరు అడిగినా పద్దు అదే చెబుతూ వచ్చింది:
ఆపద వస్తే హానుస్‌ని లేపండి.

రోజూ వస్తున్నాయా అని అడిగాను.
"వస్తాయి. చూస్తాను.
మీలో ఎవరో లేచారని తెలిశాక పడుకుంటాను."
అటువైపు కెటిల్ ఈల వేసింది.

తీసెయ్యనా?
కాసేపు ఈల మాత్రమే.
"నీ ఇష్టం. ఉంచేట్టయితే గంట తగ్గించు,
గుడ్రిడ్‌ది కోడి నిద్ర."

మార్పు దాఖలు చేసినప్పుడల్లా
కారణం రాయాలని నియమం. హానుస్ పెట్టిందే.
తెర్నాకి రాశాను: అక్టోబరులో పోయింది, ఆలస్యం నాది.
అతని నంబరు అందరికన్నా కిందికి జరిపి,
కారణం గడిలో
ఒక పడవ సరుకు తూగేంతసేపు ఏమీ తోచక
"తర్వాత చూద్దాం" అని రాశాను.

అరగంటలో
అన్నిటికీ తెలిసిపోయింది.